రైలు స్టేషన్‌లో కౌగిలి

వియన్నాలో సినిమా వదిలారు. యుద్ధం ముగిసి ఆరేళ్లయినా ఆ వీధిలో సగం ఇళ్లు ఇంకా మొండిగోడలే. జనం మాత్రం నవ్వు ఆపుకోలేక పొట్టలు పట్టుకుని బయటికొస్తున్నారు. అతనొక్కడే నవ్వలేదు. పక్కనున్న ఆమెను ఒక మాట అడగాలని సాయంత్రం నుంచీ చూస్తున్నాడు.

"ఇదేం సినిమా! నౌకరు దొరగారి కోటు తొడుక్కుంటే ఆ దొర ప్రియురాలు గుర్తుపట్టలేదట! ముద్దు కూడా పెట్టేసింది!" అన్నాడు.

"కోటు బాగుంది కదా మరి!"

"నవ్వకు. నువ్వు మాత్రం తక్కువా? నేను యుద్ధఖైదీల రైలు దిగగానే 'పోల్డీ, తమ్ముడూ' అంటూ వాటేసుకున్నావు. తీరా ఆ తమ్ముడు మరుసటి వారం దిగాడు, నాకంటే జానెడు పొట్టి!"

"అయితే ఇప్పుడేమంటావ్?"

"పెళ్లి మాట అడుగుదామనుకున్నా. కానీ పొరపాటున మొదలైన కథ మనది. వాడికి దక్కాల్సిన కౌగిలి నాకు దక్కింది."

ఆమె నడక ఆపింది.

"ఆ రోజు అందరికోసం ఎవరో ఒకరు వచ్చారు. నువ్వొక్కడివే టోపీ నలుపుకుంటూ ప్రతి మొహం వంకా చూస్తూ నిలబడ్డావు. నీకోసం ఎవరూ రాలేదు."

"అంటే..."

"మా తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచాను. వాణ్ణి నేను గుర్తుపట్టలేనా?"

అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"మరి తమ్ముడూ అన్నావెందుకు?"

"ముక్కూమొహం తెలియని మగాణ్ణి, అంతమందిలో, ఇంకేమని పిలిచి వాటేసుకోను? సరేలే, ఆ అడిగేదేదో అడుగు. ట్రాం వచ్చేస్తోంది."