నెబ్రాస్కాకు తోలిన మబ్బు

ఆ పొద్దున వాండా హోటల్లో డెల్బర్ట్ హ్రుస్కా గొంతు మామూలు కన్నా పెద్దగా లేచింది. కారణం, మూల బల్ల దగ్గర ఆమ్లెట్ తింటున్న నార్మా ట్వెట్. మిల్‌బ్రూక్ బేస్‌బాల్ జట్టు సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. ఖాళీగా ఉన్న జనరల్ మేనేజరు కుర్చీ ఎవరిదో ఆ మధ్యాహ్నమే తేలుస్తుంది. పదేళ్ల కిందట తను దిగిపోయిన ఆ కుర్చీ కోసం డెల్బర్ట్ ప్రాణం కొట్టుకుంటోంది.

"అప్పట్లో ఎడంచేత్తో బంతి విసిరేవాణ్ణొకణ్ణి పక్క ఊరి జట్టుకిచ్చి, బదులుగా పాత బస్సు పట్టుకొచ్చాను," అన్నాడు వాండాతో. చూపు మాత్రం నార్మా మీదే.

"అది నిజమే," అన్నాడు లైల్, ఒకప్పుడు మైదానం చూసుకున్న ముసలాయన. "తలుపు లేని బస్సు."

"లేకపోతేనేం? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బస్సునే పెద్ద పట్నం జట్టుకి అంటగట్టి ముగ్గురు ఆటగాళ్లని, వాళ్ల వంటమనిషిని, స్టేడియంలో సగం కుర్చీల్ని తెచ్చేశా. ఆ ఏడంతా వాళ్ల జనం నిలబడే ఆట చూశారు!"

"మిగతా సగం ఎందుకు వదిలేశావు పాపం?" అంది వాండా కాఫీ పోస్తూ.

"జాలేసిందమ్మా! అసలు సంగతి ఫైనల్ రోజుది. మూడు రోజులుగా ఒకటే వాన. మైదానం మీద కప్పిన పరదా తీద్దామని అందరం వెళితే పరదా కింద చేపలు! ఆరబెట్టడానికి హెలికాప్టరు తెప్పించా, దానికి జలుబు చేసి కూలబడింది. ఇక నేనే మైకు పట్టుకుని ఆట చూడొచ్చిన నాలుగు వేల మందినీ ఒక్కసారి ఊదమన్నా. ఊదారు చూడు, మబ్బు మబ్బంతా లేచి ఎక్కడో నెబ్రాస్కా రాష్ట్రంలో పడింది! అక్కడి గవర్నరు ఫోన్లో ఒకటే ఏడుపు."

"ఓదార్చావా మరి?" అన్నాడు లైల్.

"ఆగవయ్యా! ఆ గాలి ఇంకా ఆగకముందే, ఆఖరి ఇన్నింగ్స్‌లో మావాడు బంతిని కొట్టాడు. లేచింది, లేచింది, లేస్తూనే ఉంది... పన్నెండేళ్లయింది, ఇప్పటికీ కిందకి రాలేదు! అంపైరు ఇంకా మెడ పైకెత్తుకునే ఉన్నాడు!"

హోటలంతా గొల్లున నవ్వింది. నార్మా మూతి తుడుచుకుని లేచింది. నేరుగా డెల్బర్ట్ ముందుకొచ్చి నిలబడింది.

"బంతి గాల్లోనే ఉందంటే ఆట ఇంకా నడుస్తున్నట్టే కదండీ?"

"నడుస్తున్నట్టే మేడమ్!" అన్నాడు ఛాతీ విరిచి.

"మరి ఆట మధ్యలో కుర్చీ దిగి వెళ్లిపోయిన మనిషిని మళ్లీ ఎలా కూర్చోబెట్టమంటారు? ఆ బంతేదో దిగనివ్వండి, అప్పుడు మాట్లాడదాం."

ఆవిడ వెళ్లిపోయింది.

లైల్ డెల్బర్ట్ టోపీ తీసి అతని చేతికిచ్చాడు.

"పదవయ్యా, ఎక్కడ పడుతుందో చూద్దాం."