తాతయ్య సరేనంటే

ఆదివారం ఉదయం. ఇంటి ముందు ఎర్ర స్పోర్ట్స్ కారు. స్టీరింగు ముందు, లైసెన్సు వచ్చి పదకొండు రోజులైన మనవరాలు. అవతలి తలుపు దగ్గర, ముప్ఫై నాలుగేళ్లు బస్సు నడిపి రిటైరైన తాత.

"ఇందులో కూర్చోవాలా, పడుకోవాలా?"

"కూర్చోవాలి తాతయ్యా. ముందు నడుం, తర్వాత కాళ్లు. తల... అయ్యో, తల!"

"తగిలాక చెప్తావేం? మీ మామ దీన్ని మనుషుల కోసం కొన్నాడా, పాముల కోసమా?"

"ఓడ ఉద్యోగానికి పోతూ నాకిచ్చేశాడు. ఇక ఇది నాది. అంటే... నాన్న ఒప్పుకుంటే."

"ఏమన్నాడేం మీ నాన్న?"

"నీకు తెలుసుగా."

"తెలిసినా చెప్పు. నీ నోటితో వింటే ముచ్చటగా ఉంటుంది."

"'రోజంతా రోడ్డు మీద నిలబడి ఇలాంటి బళ్లనే ఆపుతుంటాను, మళ్లీ ఇంట్లో కూడానా' అన్నాడు. ట్రాఫిక్ పోలీసు కూతురిగా పుట్టడం నా ఖర్మ. రెండు రోజులు తిండి మానేశాను."

"ఓహో! వంటింట్లో అలికిడైతే ఎలుక అనుకున్నాను."

"తాతయ్యా!"

"మీ అమ్మ పాత కారుందిగా. అది నడుపుకోరాదూ?"

"అదీ ఒక బండేనా? గేరు మారిస్తే దగ్గుతుంది. నేను ఎక్కి కూర్చుంటే చాలు, నా స్నేహితులు తొయ్యడానికి వచ్చేస్తారు. అదంతా ఎందుకు, చివరికి నాన్న ఒక మాటన్నాడు. 'తాతయ్య బండెక్కి చూసి సరేనంటే నాకేం అభ్యంతరం లేదు' అని. ఎక్కావుగా. సరేనను."

"కదలకుండానే? ముందు తియ్యి. మెల్లగా."

"మెల్లగా అంటే దీనికి కోపం. నాలుగు సెకన్లలో వంద అందుకుంటుంది, తెలుసా?"

"నా బస్సు వంద అందుకోవాలంటే కొండ మీంచి పడాలి. అంత తొందరగా ఎక్కడికే పోయేది?"

"కాలేజీకి."

"కాలేజీ మూడు వీధుల అవతల. నాలుగు సెకన్లలో దాన్ని దాటిపోతావు. మళ్లీ వెనక్కి రావాలి."

పాల ఫ్యాక్టరీ వెనక, సెలవు రోజు ఎవరూ తిరగని రోడ్డు.

"బాగానే నడుపుతున్నావే నా తూనీగా. అద్దం చూసుకుంటున్నావు. చెయ్యి కుదురుగా ఉంది."

"అయితే సరేనా?"

"ఆగవే. నేనోసారి పట్టి చూడొద్దూ?"

"నువ్వా? నీకు డెబ్బై ఒకటి!"

"అది మోకాళ్లకి. చేతులకి కాదు. లైసెన్సుంది, కళ్లద్దాలున్నాయి. దిగు, దిగు."

"సరే గానీ, మెల్లగా పోనీ."

"ఆ మాట నేననాలి. ఇదేనా తొక్కేది?"

"అదే. ఊరికే అలా ముట్టుకుంటే చాలు, గట్టిగా తొక్కితే... తాతయ్యా!"

"ఓలమ్మో! మెడ వెనకే ఉండిపోయింది!"

"కాలు తియ్యి!"

"తీస్తా, తీస్తా. ఎంతుందో చూడు."

"తొంభై! నూట పది! ఇంకా ఎక్కుతోంది! మలుపు తాతయ్యా, మలుపు!"

"చూశానే! ఎన్ని మలుపులు చూళ్లేదు నా బస్సులో..."

"ఇది బస్సు కాదు! జారుతోంది! వెనక జారుతోంది! బ్రేకు, బ్రేకు, బ్రేకు!"

టైర్ల కీచు. దుమ్ము.

"ఆగిందా?"

"ఆగింది. కళ్లు తెరువు."

"నువ్వు తెరిచే ఉంచావా?"

"చాలావరకు."

"స్టీరింగు వదలవేం తాతయ్యా?"

"బండి ఇంకా కదులుతోందే."

"ఇంజను ఆపేశావుగా."

"ఆ... అదిగో, జీపు దిగి ఎవరో వస్తున్నారు. టోపీ పెట్టుకుని."

"నాన్న!"

"దిగండి. ఇద్దరూ. ఎవరు నడిపారు?"

"నేనే నాన్నా."

"పక్క సీట్లోంచి దిగుతూ చెప్తున్నావు తల్లీ."

"ఒరేయ్, దాన్నేమీ అనకు. నడిపింది నేను. అది నడిపినంతసేపూ గ్లాసులో నీళ్లు పెట్టినా తొణికేవి కావు."

"సరే. మాటంటే మాటే. చెప్పు నాన్నా, దీనికి ఈ బండి ఇవ్వొచ్చా?"

"నన్నడక్కు. దాన్నడుగు."

"ఏమ్మా?"

"వద్దు నాన్నా."

"ఏమన్నావు?"

"వద్దంటున్నాను. ముప్ఫై నాలుగేళ్లు బస్సు మీద గీత పడనివ్వని చేతుల్లోనే అది నిలవలేదు. నాకెంత, పదకొండు రోజులు. అమ్మ బండే నడుపుతాను. దగ్గితే దగ్గనీ. మామయ్యకి నేనే ఫోన్ చేసి చెప్తాను."

"ఏడుస్తున్నావా?"

"లేదు. కొంచెం."

"వెళ్లి జీపులో కూర్చో. సీసాలో మంచినీళ్లున్నాయి, తాగు. మేం వస్తాం."

"తాతయ్యకి కూడా ఇస్తాను. రంగు మారిపోయాడు పాపం."

"వెళ్లు వెళ్లు."

"వెళ్లిందిరా?"

"వెళ్లింది. తలుపేసుకుంది. ఇక ఇటు చూడు నాన్నా. దాన్ని కాస్త భయపెట్టి తీసుకురమ్మన్నాను, అంతేగా? నూట ఇరవై చూపించింది నా స్పీడు కొలిచే మిషను. అంత వేగం ఎవరు పొమ్మన్నారు నిన్ను?"

"అరవై దాకా నీ కోసమే తొక్కానురా."

"ఆపైన?"

"ఆపైన నా కోసం."