వంతెన మధ్యలో ఏనుగు పిల్ల

వచ్చిన పెద్దలకు, ముందు వరుసలో కుదురుగా కూర్చోలేకపోతున్న పిల్లలకు నమస్కారం. మా తమ్ముడు పోయి ఇవాళ్టికి ఐదు రోజులు.

వాడి చివరి ఉదయం చెబుతాను. మామూలు ఉదయమే. నేను లోపల ప్రార్థనలో ఉన్నాను. బయట కొట్టు షట్టర్ లేచింది. వాడు తక్కెడ తుడిచాడు. పాత పిల్లల పత్రికల పేజీలు వరుస తప్పకుండా గోడ మేకులకు గుచ్చాడు. పిల్లకొక మేకు, మేకుకొక కథ. దర్జీ గారి అమ్మాయి చక్కెరకు వచ్చింది. ఇక మొదలు: "గట్టిగా చదవవే తల్లీ, పక్క కొట్టాయనకూ వినపడాలి!" ఆ అమ్మాయి చదివే కథలో ఏనుగు పిల్ల వంతెన మధ్యలో ఆగింది. పేజీ అయిపోయింది. నా ప్రార్థనా అక్కడే ఆగింది. దేవుడు కూడా చెవి అటే పెట్టి ఉంటాడు.

మీకు తెలియనిదేముంది? పేజీ పైకి చదివితేనే అందులో పొట్లం కట్టేవాడు. తర్వాతి పేజీ కావాలా? రేపు రావాలి. ఒకావిడ నన్ను నిలదీసింది: "ఇంట్లో ఏడు పొట్లాల ఉప్పుందండీ, మీ తమ్ముడి కథ ఎప్పటికి తెములుతుంది?" ఆవిడ ఇక్కడే ఉంది. నవ్వుతోంది.

ఒకసారి పొరపాటున ఒక పిల్ల కథ ఆఖరి పేజీలో బస్సు డ్రైవరు గారికి మిరియాలు కట్టిచ్చాడు. తెలిసేసరికి బస్సు కదిలింది. కొట్టు నా మీద పడేసి, సైకిలెక్కి డిపో దాకా తొక్కాడు. మిరియాలు ఆయన జేబులో పోసి కాగితం తెచ్చాడు. "లేకపోతే ఆ పిల్లకి ముద్ద దిగదక్కా" అన్నాడు.

ఎందుకంత ఆత్రం? పన్నెండేళ్లొచ్చినా వాడికి చదవడం రాలేదు. బడిలో నవ్వారు. నాన్న కొట్లో, సబ్బు కాగితాల మీద, నా పక్కన కూర్చుని కూడబలుక్కుని నేర్చుకున్నాడు. మొదటి వాక్యం చదివిన రోజున ఆ సబ్బు ఎవరికీ అమ్మనివ్వలేదు.

వాణ్ణి సాగనంపి వచ్చిన సాయంత్రం, కొట్టు ఎత్తేద్దామని మాట్లాడుకుంటున్నాం. దర్జీ గారి అమ్మాయి ఖాళీ డబ్బాతో గుమ్మంలో నిలబడింది. తన మేకు వైపు చూసింది. ఒక్క పేజీ మిగిలి ఉంది.

దయచేసి లేచి నిలబడండి. ఒక్క నిమిషం మౌనం. అంతకు మించి వాడు ఓర్చుకోలేడు.

ఆ సాయంత్రం మేము అనుకున్నది ఇదీ: కొట్టు ఉంటుంది. తక్కెడ మా మరదలిది, మేకులు నావి. ఏనుగు పిల్ల ఐదు రోజులుగా వంతెన మధ్యలోనే ఉంది. మౌనం ముగియగానే ఆ ఆఖరి పేజీ ఇక్కడే, మీ అందరి ముందూ ఆ అమ్మాయి చేత చదివించాలి.

గట్టిగా చదవాలి తల్లీ.