ఆఖరి దినం గ్లాసు

పావగడ ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం. లోపల కూలీ బైలప్ప ఆయాసపడుతున్నాడు. గుమ్మం పక్కన అతని భార్య కూర్చుని ఉంది. ఆమెకు కాస్త దూరంగా డాక్టరు, బైలప్పను తీసుకొచ్చిన రైతు నిలబడి ఉన్నారు.

“ఏం తిన్నాడప్పా?”

“పచ్చి శెనక్కాయలు సార్. పెరికేటప్పుడు శానా తిన్నాడు.”

“శెనక్కాయలకు కండ్లు మసకబారవు. అంతా తెల్లగా మంచు పట్టినట్ల ఉండాదంటున్నాడు. ఏం తాగినాడో చెప్పు.”

“సారాయి సార్. నిన్నటికి కాయ పెరికేది ముగిసింది. ఆఖరి దినం రైతే గ్లాసు పోసిస్తాడు, అది మా వాడిక.”

“అంగడి సారాయేనా?”

“కాదు సార్. ఎవురో క్యాన్లో అమ్ముతాంటే తెచ్చినా.”

“దాంట్లో స్పిరిట్ కలిపినారు. ఇంకా ఎవరు తాగినారు?”

“ఎవురూ లేదు. మొదట పెద్ద కూలీకే ఇస్తాము. వాసన వేరేగా ఉండాదన్నాడు. ‘రెండేండ్ల నుంచి మానినోనివి, నీకు వాసన యాడ తెలుస్తాదిలే’ అని నేనే నగి తాపిస్తి. గొంతు మండిందన్నాక మిగిలింది పారబోసినాం.”

“సరే, పోయి బ్రాందీ సీసా తీసుకురా.”

“మళ్లీ తాపల్లా సార్?”

“ఈ విషాన్ని అదే ఆపుతాది. కొలత ప్రకారం గొట్టంలో నేను పోస్తా. తుమకూరు పెద్దాసుపత్రి చేరేదాకా ప్రాణం నిలబడల్ల. కండ్ల మాట తర్వాత.”

“వాన్ని మానిపించింది ఆయమ్మే సార్. ఆమె ముందరే సీసా తేవల్లంటే…”

“ఇదో, నా సంచి. దీంట్లో పెట్టుకొని రా.”

“వద్దు సార్. ఆయమ్మకు నేనే చెప్పి, చేతిలోనే పట్టుకొస్తా.”