ఆరబెట్టిన మిద్దె

నిన్న పగలు పదకొండు గంటలు ఇంజనీరు సారూ. మోడం లేదు, గాలి లేదు. ఇనుప చువ్వ ముట్టుకుంటే చెయ్యి కాలతాండాది. అట్లాంటి పూట మీ యూనివర్సిటీ సైన్సు బిల్డింగు మిద్దె కూలిందంటే, మేస్త్రీ బయ్యన్న సిమెంటు అమ్ముకున్నాడనే రాస్తారా? ఎవురు చూసినారు?

చూడలేదు కదా. మళ్ళ ఎట్ల రాస్తివి?

కూసోను. కూసోడానికి రాలేదు. బయ్యన్నను పోలీసోళ్ళు జీపులో ఎక్కించుకోని పోయినారు. ఆయప్ప పెండ్లాం చిన్నక్క ఆస్పత్రిలో బండమీద ఉండాది, గుడ్డ కప్పి. మొగుడు లేకుండా మట్టి ఎట్ల చేస్తారు? పొద్దు వాలేలోపల ఆయప్పను వదలాల. అందుకే వచ్చినా.

నా పేరు రాసుకో. ఓబులమ్మ. ఊరు పామిడి. మిద్దెకు నీళ్ళు పెట్టే మనిషిని.

నువ్వే కదా నన్ను పనికి పెట్టింది. "ఓబులమ్మా, ఇరవై ఒక్క దినం ఈ స్లాబు మీద నీళ్ళు నిలబడాల, మడి కట్టినట్ల కట్టు" అన్నావు. కట్టినా. చుట్టూ బంకమట్టితో గట్లు పోసినా. ఆరు దినాలు నిలబెట్టినా. అది అబద్ధం కాదు.

ఏడో దినం భయమైంది.

మీ ఊరి మిద్దెలు ఎట్లుంటాయో నాకు తెలీదు సారూ. మా ఊర్లో మిద్దె మీద చౌడుమట్టి పరుస్తాం. వాన నీళ్ళు చారెడు నిలబడినా ఎక్కి తోసేస్తాం. నిలబడినాయా, దూలాలు నాని మీద పడతాయి. మా నాయన అట్లనే పోయినాడు, ముసురులో. మిద్దె ఎండితేనే మిద్దె. నాకు తెలిసింది అంతే.

నిన్ను అడిగినా కూడా. గట్టిపడాల్సిన మిద్దెకు నీళ్ళెందుకు సామీ అని. "నీకు చెప్పినా అర్థం కాదులే" అని నవ్వితివి. గుర్తుండాదా? సిమెంటు నీళ్ళు తాగితేనే గట్టిపడతాదని నిన్న కూలినంక గానీ నాకు తెలీలేదు.

ఇంగ కింద మా కూలోళ్ళ గుడిసెలు. నెహ్రూ చచ్చిపోయిన యేడు పడిన వానే వాన, మళ్ళ లేదు. బావిలో బురద. లారీలో డ్రమ్ములొస్తే అన్నీ మిద్దెకే. మాకు తాగేకి ఇంటికొక బిందె. మనుషులకు నాలుకలు పిడచకట్టుకుపోతాంటే, రాతికి పోస్తా ఉండల్లా?

గట్టు తెంచినా. ఆరనీలే, మంచిదే అనుకున్యా. డ్రమ్ముల్లో నీళ్ళు గుడిసెలకు పంచినా. నువ్వొచ్చే పొద్దుకు అంచుల్లో ఇంత చిలకరించేదాన్ని. నువ్వు నిచ్చెన కాడ నిలబడి "తడి ఉండాదా?" అంటివి. "ఉండాది" అంటి. పుస్తకంలో సంతకం పెట్టి పోతివి.

మొదటి బిందె ఎవురికి పోసినానో అడుగు.

చిన్నక్కకే. "ఏమక్కా, కాలేజీ నీళ్ళు తాగితే నాకూ చదువొస్తాదా?" అని ఎగతాళి చేసింది. తాగి, "నీ కడుపు చల్లగుండ" అనింది.

భూమిలో నీళ్ళు యాడుండాయో చూసే మిషన్లు వస్తాయంట కదా ఆ బిల్డింగులోకి. నువ్వే చెప్పినావు. చిన్నక్కకు చెప్తే, "అవి వచ్చేదాకా నీ బిందె ఆపొద్దు తల్లీ" అనింది.

నిన్న స్లాబు కింద ఊతకట్టెలు తీసేకి పోయినాం. బయ్యన్న నన్ను అడిగినాడు. "అక్కా, నీళ్ళు సరింగా పెట్టినావు కదా?"

"పెట్టినా" అన్యా.

నాలుగో కట్టె తీసినారు. పైన కిర్రుమనింది. నా కూతురు మారెక్క కిందనే పెళ్ళలు ఎత్తుతాండాది. చిన్నక్క దాని రెక్క పట్టుకోని బయటికి తోసింది. తను రాలేదు.

ఏమప్పా, కలానికి మూత పెడతాండావు? రాయి. వేలిముద్ర తీసుకో. ఆ జీపును నాకోసం రమ్మను.

ఓ... నా మాట రాస్తే నీ సంతకాలూ బయటపడతాయి. అదేనా?

నా తమ్మునంతటోడివి. నీ మీద నేను చెప్పను. దినమూ పైకెక్కి చూసినావనే చెప్తా. నేనే మోసం చేసినానని చెప్తా. ఇన్ని అబద్ధాలు చెప్పినా, ఇంకొకటి చెప్పలేనా? బయ్యన్నను వదిలిపెట్టించు సామీ. పెండ్లాం మొగం చూసుకోనీ.

యాడికప్పా లేస్తాండావు?

సరే. కూసుంటా. ఈడనే, నీ గడపలో. నువ్వు దాటుకోని పోవల్ల.

నిన్న ఆ మిద్దె కిందికి ఏడుగురం పోయినాం. మాపటికి గుడిసెల కాడ నిలబడి చూసుకున్యా. సుంకన్న వచ్చినాడు. ఓబన్న వచ్చినాడు. హనుమంతమ్మ కుంటుకుంటా వచ్చింది. నా మారెక్క వచ్చింది. నేను వచ్చినా.

మళ్ళ మొదట్నుంచి లెక్కబెట్టినా సారూ. ఐదుగురమే.