ఎనిమిది మాత్రల మౌనం

శ్రీ సదానందం గారు 1988 జూలై 11వ తేదీన గోదావరిఖని గనుల సర్వే విభాగంలో పటాలు గీసే ఉద్యోగిగా చేరారు. భూగర్భ మార్గాలను వెంట్రుకవాసి తేడా లేకుండా కాగితంపై నిలిపిన ఆ హస్తం ముప్పైఏడేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున విశ్రమిస్తోంది. అభినందించవలసిన ఈ వేళ ఆయన వాద్యబృందం వాళ్లమైన మాకు దుఃఖమే ముందుకు వస్తోంది.

ఆ చేతికి వయొలిన్ కూడా తెలుసు. 1996లో ఆయన, ఫిట్టర్ ముత్యం గారు, మరి ఇద్దరు మిత్రులు కలిసి రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన ఒక వియోలా, మంద్రంగా పలికే ఒక చెల్లోతో పాశ్చాత్య బాణీలో తంత్రీవాద్య చతుష్టయాన్ని నెలకొల్పారు. కానీ మూడు షిఫ్టుల గనుల్లో నలుగురూ ఒక్కచోట చేరడం గగనమయ్యేది.

"మీ నలుగురు కలిసేలోపు చుట్టాలింట్ల పెండ్లి ముహూర్తమన్న దొరుకుతది" అని ఆయన సతీమణి అనసూర్య గారు ఆటపట్టించేవారు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే సదానందం గారు ఊరుకోలేదు. నలుగురి కోసం ఉన్న సంగీత రచనలను పన్నెండు మందికి విస్తరించి రాయసాగారు. ఒక్కొక్క భాగానికి షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు. ఒకరు డ్యూటీకి వెళ్లినా మిగిలిన ఇద్దరు దాన్ని మోసేవారు. మంద్రానికి నిండుదనం రావాలని చెల్లో ముగ్గురిలో ఒకరి చేతికి అంతకన్నా పెద్ద వాద్యమైన డబుల్ బేస్ ఇచ్చారు. సున్నితమైన చోట్ల మాత్రం ఒక్కరే వాయించాలని పెన్సిల్‌తో గుర్తు పెట్టేవారు. వియోలా ఒంటరిగా పలికే ఘట్టాలన్నీ ముత్యం గారివే.

2021లో ముత్యం గారు జబ్బుచేసి కన్నుమూశారు. పది రోజుల తరువాత సాధన జరిగింది. ఆయన ఘట్టాన్ని పక్కవారు అందుకున్నారు. రచన ఎక్కడా తొట్రుపడక చివరిదాకా సాగింది. సదానందం గారు కమాను ఒళ్లో పెట్టుకుని బోరున ఏడ్చారు.

"ఎవ్వరు లేకున్నా ఆగొద్దని నేనే రాసిన. ఆగలే. మా ముత్యం పోయిండని పాటకు తెల్వకపాయె" అన్నారు.

పని ముగిసిన గనిభాగాన్ని పటంలోంచి చెరపరు, దానిపై అడ్డగీతలు గీసి అలాగే ఉంచుతారు. ఆయనా ముత్యం గారి భాగాన్ని కాగితంపై అలాగే ఉంచి, ఆ ఘట్టంలో ఎనిమిది మాత్రల మేర అందరినీ ఆపారు. నాటి నుంచి మా బృందం అక్కడ ఆగుతూనే ఉంది.

మొన్న వీడ్కోలు సభ కోసం సాధన చేస్తుండగా, సదానందం గారి వయొలిన్ భాగంలోనూ అటువంటి విరామం ఉంచుదామని చెల్లో వాయించే కృష్ణప్రియ గారు కళ్లు తుడుచుకుంటూ అడిగారు. ఆయన కాగితాలు సర్దుతూనే జవాబిచ్చారు.

"నేనింక బతికే ఉన్న గద బిడ్డా. నా కుర్చీ తియ్యకుండ్రి. ఆదివారం సాధనకు వచ్చి కూసుంట."

ఆ కుర్చీలో ఆయన అనసూర్య గారి ఎత్తిపొడుపులు వింటూ, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు కూర్చోవాలనీ, మా పాట ఆయన కోసం ఆగవలసిన రోజును మాలో ఎవరమూ చూడకూడదనీ మనసారా కోరుకుంటున్నాము.