జనార్దన్ బయటికొచ్చిన టైమ్

అంత ఇంగ్లీషులనే రాసి తెచ్చి, కింద సంతకం పెట్టు భోజన్నా అంటె ఎట్ల పెడుత షరీఫ్ సార్? మీరు సేఫ్టీ ఆఫీసరు, సదువుకున్నోళ్లు. నాది ఏడో తరగతి. నాకొచ్చిన ఇంగ్లీషెంత? నేమ్, టైమ్, ఇన్, ఔట్. గంతే. ఆ నాలుగు మాటల మీదనే రెండేండ్ల సంది బతుకుతున్న.

లే లే, కోపం కాదు. మీ మీద కోపమెందుకు? ఈ సౌదీల, ఈ జుబైల్ల, గింత పెద్ద సైటుల, తెలుగు మాట్లాడే ఆఫీసరు మీరొక్కరే. కడపోళ్లయినా మా మాట మీకు సమజయితది. జర సదివి చెప్పుండ్రి. తొందరేమున్నది? మధ్యాహ్నం డ్యూటీ నన్నెట్లాగు ఎక్కనిస్తలేరు గదా.

ఏందీ? మల్లొకసారి చెప్పుండ్రి.

"పోయిన వారం ఐతారం నాడు పెయింటరు జనార్దన్ పదకొండు నలభై అయిదుకు ట్యాంకు నుంచి బయటికి వచ్చిండు. బోర్డు మీది తన కార్డు తీసుకున్నడు. తర్వాత హోల్ వాచ్ భోజన్నకు చెప్పకుంట, కార్డు పెట్టకుంట, మల్ల లోపలికి పోయిండు. లోపట స్పృహ తప్పిండు. తప్పు ఆయనదే."

గదేనా? ఇంకేం లేదా? మంచిగ రాసిన్రు సార్. టైపు చేసినోడెవడో గని, ఒక్క అక్షరం సుత పోనిచ్చినట్టు లేడు.

సంతకం పెడుత. ఎందుకు పెట్ట? జర ఊపిరి పీల్చుకోనియ్యుండ్రి.

హోల్ వాచ్ పని మీకు ఎర్కే గదా? ఏం ఎర్క సార్! కాగితం మీద ఎర్క. ఒక్క దినమన్న ఆ ఎండల కూసుండి చూసిన్రా? భూమిల కట్టిన సిమెంటు ట్యాంకు, పైన ఒక్క మనిషి పట్టేంత పొక్క. ఆ పొక్క కాడ ఖాళీ పెయింటు డబ్బా బోర్లేసుకొని నేను. లోపలికి ఎవడు దిగిండు, ఎన్నిటికి దిగిండు, ఎన్నిటికి ఎక్కిండు, రాసుడే నా పని. ఆఖరి మనిషి ఎక్కేదాంక లేవద్దు. నీళ్లకు లేవద్దు, ఒంటికి లేవద్దు. లేస్తె ఇంకొకన్ని కూసోబెట్టి లేవాలె. ఆ ఇంకొకడేడి? మీరెప్పుడన్న పంపిన్రా?

పొద్దంత నేను మాట్లాడేది ఒకటే మాట సార్. పది నిమిషాలకొకసారి పొక్కల తల పెట్టి, "జనార్దనూ, ఉన్నవా?" లోపట్నుంచి, "ఉన్న అన్నా." గదే ముచ్చట. ఒక్కోసారి "లేను అన్నా, ఇంటికి పోయిన" అంటడు. తిడుత. దొంగోడా, ఇది రూలు, మంచిగ చెప్పు అంట. ఆ ట్యాంకంత మోగెటట్టు నగుతడు.

క్యాంపుకు పోతె రూముల ఎనిమిది మంచాలు, ఎనిమిది ఫోన్లు. ఎవని లోకం వానిది. ఇంటికి ఫోన్ చేస్తె మా ప్రేమలత "తిన్నవా" అంటది. తిన్న అంట. "ఇగ ఏంది" అంటది. ఏం చెప్పాలె? పొద్దంత ఒక పొక్క కాడ కూసున్న అని చెప్పాల్నా? సరే పెడుత అంట. నిజం చెప్తున్న సార్, రోజు మొత్తంల నన్ను నోరారా అన్నా అని పిలిచేటోడు ఆ పొక్కల నుంచి వాడొక్కడే.

ఆఁ, అసలు సంగతికే వస్తున్న. గడియారం చూడకుండ్రి.

మొన్న శుక్రారం దవాఖానకు పోయిన. మీరు సుత పోయిన్రు, రిపోర్టు రాసుకోనీకి. నేను ఉత్తగనే పోయిన. ముక్కుకు పైపు పెట్టి పండుకోబెట్టిన్రు వాన్ని. ఆ పెయింటు వాసన తలకెక్కినోడు గదా, ఆ దినం సంగతి ఒక్కటి యాదికి లేదు. పొద్దుగాల కంపెనీ బస్సు ఎక్కింది యాదికున్నదట. ఆ తర్వాత దవాఖాననే. మాట సుత మెల్లగ, ఆగి ఆగి వస్తున్నది. నన్ను చూసి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. ఏమన్నడో ఎర్కనా?

"అన్నా, తప్పయింది. నీకు చెప్పకుంట దిగిన్నట. నీ పేరు కరాబు చేసిన" అన్నడు.

అరే, నీకు యాదికే లేదు గదరా, దిగినవని నీకెట్ల తెలుసు అన్న.

"యాదికి లేదు గని, కాగితంల ఉన్నదట గదన్నా. నువ్వు రాసినవంటె అబద్ధం ఎందుకయితది?" అన్నడు.

గిదొక్క మాట సార్. నాలుగు దినాల సంది బువ్వ దిగుతలేదు. ఇంటికాడ కావ్యకు సుత గదే చెప్పిండట. నాదే తప్పు, ఎవ్వరినేం అనకు అన్నడట పెండ్లాంతోని. ఈ కాగితం మీద నా సంతకం పడితె, వాన్ని పైపు తీసిన మర్నాడే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తరు గదా? రూలు తప్పినోడని రాసి పంపిస్తరు. మల్ల ఏ కంపెనోడు తీసుకుంటడు? పని పోతె పాయె, బతికినన్ని దినాలు నా పానం నేనే తీసుకోబోయిన అనుకుంట బతకాలె వాడు. నన్నే మాఫీ అడుగుకుంట.

పెన్ను నా చేతులనే ఉన్నది. ఆగుండ్రి.

స్కాఫోల్డింగ్ కట్టే భూమేష్ ఎర్కనా మీకు? ఆర్మూరోడు, పొడుగ్గ ఉంటడు. ఆ ఐతారం, సెలవు నుంచి వచ్చినంక వానికి మొదటి డ్యూటీ. వచ్చుకుంట అంకాపూర్ దేశీ కోడికూర ప్యాక్ చేయించుకొని తెచ్చిండు. మా దిక్కు ఆ కూర అంటె ఏందో మీకు తెల్వది సార్. ఊకె చెప్తె సుత సమజ్ కాదు. పొద్దుగాలనే క్యాంపుల వేడి చేసి, క్యారియర్ల పెట్టుకొని వచ్చిండు. "భోజన్నా, ఇయ్యాల నువ్వు సుత మాతోని కూసోవాలె. నువ్వు వచ్చేదాంక మూత తియ్యం" అన్నడు.

రెండేండ్ల సంది నేను ఎవ్వరితోని కూసుండి తినలే. ఆఖరి మనిషి ఎక్కాలె, షీటు మూయాలె, ఆఫీసుల ఇయ్యాలె. షెడ్డు కాడికి పోయెసరికి అందరు తిని ఒరిగి ఉంటరు. నా డబ్బా నేను ఇప్పుకొని గోడ దిక్కు చూసుకుంట తింట. ఎవ్వడు కావాలని చెయ్యలే, పని గసొంటిది. గని ఆ పొద్దు పేరు పెట్టి పిలిచిండు. నా పానం గుంజింది.

నవ్వొస్తున్నదా? నవ్వుండ్రి. యాభై రెండేండ్లోన్ని, కోడికూర కోసం. చెప్పుకోనీకి నాకే సిగ్గయితుంది. గని కూర కోసం కాదు సార్. అది మీకెట్ల చెప్పాలె...

పదకొండున్నర దాటినంక లోపలున్న ముగ్గుర్ల ఇద్దరు నేపాలోళ్లు ఎక్కిన్రు. మూడోడేడి అన్న. "ఆ రహా హై చాచా" అన్నరు, వస్తున్నడని. పొక్కల తల పెట్టి పిలిచిన. "ఉన్న అన్నా! ఈ మూలకొక్క చెయ్యి కొట్టి వస్త, ఆరితె అతుకు పడుతది" అన్నడు. రోజూ గంతే వాడు. రెండు నిమిషాలంటె రెండు నిమిషాలే. షెడ్డు కాడికెల్లి భూమేష్ చెయ్యి ఊపుతున్నడు.

రాసిన సార్. ముందే రాసిన. జనార్దన్, ఔట్, పదకొండు నలభై అయిదు. షీటు బోర్డుకు తగిలించి పోయిన.

వాడు బయటికి రాలే. మల్ల దిగుడు లేదు, చెప్పకుంట దిగుడు లేదు. అస్సలు రానే లేదు.

లేవకుండ్రి, కూసోండ్రి. ఇంక ఉన్నది.

ట్యాంకులకు గాలి కొట్టే ఫ్యాను ఉంటది గదా. షీటుల అందరు ఔట్ అని ఉంటె ఫ్యాను బందు పెట్టాలె, మీ రూలే అది. జనరేటర్ చూసే పాకిస్తానాయన వచ్చిండు, నా రాత చూసిండు, బందు పెట్టిండు. ఆయన తప్పు ఇసుమంత లేదు. లోపట ఆ వాసన, గాలి లేదు. మూతికి మాస్కు ఉంటె మాత్రం అదేం చేస్తది?

నేనప్పుడు షెడ్డుల కూసున్న. మస్తుగుందిరా భూమేషూ అన్న. ఇంకో ముక్క ఏయించుకున్న. నలుగురి మధ్యల కూసుంటె ఎంత మంచిగనిపించిందో సార్, ఎవడో జోకు చెప్తె అందరితోని కల్సి నవ్విన. ఇరువై నిమిషాలో, ఇంక ఎక్కువనో. భూమేషే అన్నడు, "జనార్దన్ ఏడి? వాని ముక్కలు తీసి పెట్టిన" అని.

ఉరికిన. ఫ్యాను చప్పుడు లేదు. పొక్కల తల పెట్టి, జనార్దనూ ఉన్నవా అని ఒర్లిన. ఎన్నిసార్లు పిలిచిన్నో ఎర్క లేదు. పలుకలే.

కార్డా? గదే అడుగుతరని ఎర్కే. దిగేటోడు కార్డు బోర్డుకు తగిలించి దిగాలె, ఎక్కినంక తీసుకోవాలె. కార్డు బోర్డు మీద ఉన్నదంటె మనిషి లోపట ఉన్నట్టు. వాని కార్డు ఆన్నే ఉండె సార్. జనరేటరాయన షీటు చూసిండు గని కార్డు చూడలే. గాలి సిలిండర్లు, మాస్కులు పెట్టుకున్నోళ్లు దిగి వాన్ని తాడేసి గుంజుతున్నరు, అందరు ఆ దిక్కే చూస్తున్నరు. నేను బోర్డు మీద చెయ్యేసి, కార్డు తీసి జేబుల పెట్టుకున్న.

గిదిగో. పట్టుకోండ్రి. జనార్దన్ ఫోటోనే.

ముందే రాసింది పొరపాటు అనుకో. తొందరల చేసిన. ఇది పొరపాటు కాదు, తెలిసి చేసిన. భయమయింది సార్. అవుతల వాని తల వేలాడుకుంట పైకొస్తున్నది, నేను నా నౌకరి చూసుకున్న. గంత నీచపోన్ని.



ఏమన్నరు? కార్డు మల్ల జేబుల పెట్టుకోవాల్నా? మీరు చూడనట్టే, నేను చెప్పనట్టే, ఖల్లివల్లి, పోనియ్యి అందామంటరా? అందరికి మంచిదా? అందరంటె ఎవరు సార్? ఆ షీటు కింద మీ సంతకాలు సుత ఉన్నయి, తొమ్మిదింటికి చూసిన, పదింటికి చూసిన, పదకొండుకు చూసిన అని. ఆ పొద్దు మీరు పొక్క కాడికి వచ్చిన్రా? నేను అడుగుతలేను. ఎవరికి చెప్ప సుత చెప్ప, మీ రాత మీ ఇష్టం. ఈ సైటుల అందరం గట్లనే రాసుకుంట వచ్చినం. వాడు ఒక్కడే నమ్మిండు.

ఇంకో కాగితం తియ్యుండ్రి. తెలుగులనే రాస్త, మీరు ఇంగ్లీషు చేసుకోండ్రి. పంపిస్తె పంపియ్యుండ్రి, పోలీసులకు పట్టిస్తె పట్టియ్యుండ్రి. భయం లేదంటె అబద్ధం. గని కాగితం రాసుడు అల్కగనే ఉన్నది సార్. వానికి చెప్పుడే కష్టం. నువ్వు రాసినవంటె అబద్ధం ఎందుకయితది అన్నోని ముంగట నిలవడి, నిన్ను లోపట్నే వదిలేసి నేను తినబోయినరా అని ఎట్ల చెప్పాలె? చెప్పినంక వాడు నన్ను ఇగ అన్నా అనడు. అనద్దు సుత.

సార్, ఒకటి అడుగుత. మీరు వస్తరా నాతోని, దవాఖానదాంక? ఏం మాట్లాడకుండ్రి. తలుపు కాడ నిలవడుండ్రి, చాలు.

మీటింగున్నదా?

ఆఁ, ఉంటది తియ్యుండ్రి. నాలుగింటికి బస్సున్నది, ఒక్కన్నే పోత. ఆ తెల్ల కాగితం ఇటియ్యుండ్రి.